నవ్వినవాడి సాక్ష్యం

కొరాపుట్,
మార్చి 8, 2022.

అప్ప కుంతికి తమ్ముడు కన్నారావు నమస్కారాలు.

నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. నిన్న మోహన్ ఎత్తి, "మామా, అమ్మ నీతో మాటాడదట" అని పెట్టేశాడు. ఒడియా బడికి పోయే మనిద్దరికీ నాన్న ఇంటి దగ్గర పలక పట్టించి తెలుగు నేర్పించాడు కదా, ఆ చదువు ఇన్నాళ్ళకి పనికొస్తోంది. ఉత్తరాన్నయితే నువ్వు మధ్యలో కోసెయ్యలేవు. చింపేస్తానంటే మాత్రం నేను చెయ్యగలిగింది లేదు.

ఆదివారం రాయగడ దాకా వచ్చి నీ గడప తొక్కకుండా వెళ్ళిపోయానని కోపం అనుకుంటాను. బాబి ఇప్పుడు దేబాశిష్ బాబు పార్టీ జీపు నడుపుతున్నాడని నీకు తెలిసిందే. మున్సిపాలిటీ ఎన్నికల్లో నువ్వు నిలబడింది అవతలి పార్టీ తరఫున. అయినా వీళ్ళు ఇక్కడినుంచి బస్సులు కడితే, "నువ్వూ రా నాన్నా, మీటింగయ్యేక అత్తని సూసొద్దాం" అని వాడే అన్నాడు. నీకోసం కొండపసుపు మూటకట్టుకుని బయల్దేరాను. తీరా మీటింగ్ అవగానే బస్సువాళ్ళు తరిమేశారు. పసుపు నాతోపాటే ఊరు చూసి ఇంటికొచ్చింది.

ఇక దేబాశిష్ బాబు మైకులో మీ బొట్టు గురించి అన్న మాట. అదీ నీ చెవిన పడే ఉంటుంది. పట్టించుకోకు అప్పా. ఎన్నికల ముందు ఎవడి నోటికి తలుపు ఉంటుంది చెప్పు? ఓట్లయ్యాక ఆయనే ఎదురుపడి నీకు దండం పెడతాడు.

ఇక్కడ ఇంకా చలి తగ్గలేదు. మున్సిపాలిటీ ట్రాక్టరు వెనకాల తిరిగి తిరిగి నా మోకాలు మొరాయిస్తోంది. జమాదారు ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది, ఈ మోకాలు అన్నాళ్ళూ ఉంటుందో లేదో. రష్మిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
కన్నారావు


రాయగడ,
మార్చి 13.

తమ్ముడు కన్నారావుకి కుంతి దీవెనలు. దీవించాలని లేదు. చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది.

నువ్వు రాలేదని నాకు కోపం లేదు. నా కోపం ఏమిటో తెలిసే నువ్వు పసుపు మూట గురించి రాశావు. సంగతి ఏమిటో మొదటినుంచీ చెప్తాను, తెలియనట్టే విను.

ఓట్లు అడుగుతూ కాగితాలు పంచితే జనం వాటిలో పకోడీలు పొట్లం కట్టుకుంటారు. పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుద్దాం అన్నది నేనే. నేను బొట్టు పెట్టకూడనిదాన్ని. మీ బావ పోయాక కుంకుమ భరిణ ముట్టలేదు. అందుకని కోడలు రష్మి చేతికి ఇచ్చాను. తెలుగిళ్ళలో ఎంత మురిసిపోయారో! ఒడియా ఇళ్ళలో కూడా చాలామంది నుదురు ముందుకు పెట్టారు. వాళ్ళంతా రష్మి బ్యూటీ పార్లర్‌కి వచ్చేవాళ్ళే. ఒక ఇంట్లో పెళ్ళికాని పిల్ల ఎదురొస్తే దానికీ పెట్టింది. మనలో పసిపిల్లకైనా కుంకుమ పెడతాం. వాళ్ళకి ఎర్ర సిందూరం అంటే పెళ్ళయినదాని గుర్తట. తల్లి గొడవ చేసింది. సాయంత్రం నేనే వెళ్ళి, మా వాడుక ఇది, మీ వాడుక తెలియలేదు, తప్పయిపోయిందని చెప్పాను. ఆవిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అక్కడితో తీరిపోయిన సంగతి అది.

దేబాశిష్ దాన్ని మైకులోకి ఎక్కించాడు. "మీ పాయిఖానాలు కడిగిన చేతులు మీ ఆడపిల్లల నుదుటిదాకా వచ్చాయి. ఈ తెలెంగా వాళ్ళకి ఓటేస్తే రేపు వంటింట్లోకి వస్తాయి. ఇంటికెళ్ళి గంగాజలంతో నుదురు కడిగించుకోండి" అన్నాడు. అవునా, కాదా? నేను వీడియోలో విన్నాను. నువ్వు అక్కడే కూర్చుని విన్నావు.

రష్మి ఏనాడూ చీపురు పట్టలేదురా. పట్టింది నేను, మన అమ్మ, మన నాన్న. పట్టినందుకు నాకు సిగ్గు లేదు, ఈ ఊరు మా చేతులమీదే శుభ్రంగా తిరిగింది. కానీ ఆ పిల్ల చేతి పని వేరు. దాని బతుకంతా నలుగురి మొహాలు ముట్టుకోవడంలో ఉంది. ఆ మీటింగ్ తర్వాత పార్లర్‌కి ఒక్క ఒడియా ఆడదీ రాలేదు. పెళ్ళికూతురికి మేకప్ మాట్లాడుకున్నవాళ్ళు వద్దని కబురు పంపారు. కారణం చెప్పలేదు. ఏం చెప్తారు? రోజూ తలుపు తీసి, అద్దాలు తుడుచుకుని, కుర్చీలో తనే కూర్చుంటోంది.

మేము పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. అక్కడి దొర, "ఎన్నికల్లో అందరూ అందర్నీ తిడతారు. ఇది పుట్టుకని తిట్టినట్టే అని చెప్పడానికి అక్కడ ఉండి విన్న మీ మనిషి ఒకడు కావాలి" అన్నాడు. బాబి వాళ్ళ జీపు మీద ఉన్నవాడు, వాణ్ణి లాగను. అక్కడ ఉండి విన్న మా మనిషి ఇక నువ్వు ఒక్కడివే. ఒక్క రోజు సెలవు పెట్టి వచ్చి చెప్పు.

ఇంకో మాట. ఆ వీడియోలో జనాన్ని చూపించినచోట నువ్వు ఉన్నావు. గంగాజలం అన్న మాటకి నవ్వుతున్నావు. రష్మి నాకు చూపించి ఫోన్ పక్కన పెట్టేసింది.

కుంతి


కొరాపుట్,
మార్చి 18.

అప్పకి నమస్కారాలు.

వీడియో తెప్పించుకుని చూశాను. నవ్వింది నేనే. కాదనను. చుట్టూ అందరూ పగలబడి నవ్వుతుంటే మొహం దానంతట అదే నవ్వుతుంది అప్పా, అందులో మనసు ప్రమేయం ఉండదు. నా పక్కవాడు మోచేత్తో పొడిచాడు కూడా. నేను మూతి బిగించుకుని కూర్చుంటే, ఈయన ఆవిడ తమ్ముడని బస్సంతా తెలిసిపోయేది.

నీ బాధ నాకు తెలుసు. కానీ కొంచెం నిదానంగా ఆలోచించు. ఆయన అన్నది నిన్ను కాదు, నీ పార్టీని. అదే మీటింగ్‌లో ఆయన మీ పార్టీ ముసలాయన్ని కుంటి గుర్రం అన్నాడు. అంటే కుంటివాళ్ళందరి మీదా పగబట్టినట్టా? మీవాళ్ళు ఆయన్ని గంజాయి దొంగ అనలేదా? రాజకీయంలో తిట్టు అంటే అంతే. దాన్ని కులం దాకా తీసుకుపోయి స్టేషన్‌లో పెడితే ఆయన జైలుకి పోతాడో లేదో గాని బాబి మాత్రం వీధిలో పడతాడు. ఎన్నికలయ్యాక ఆఫీసు జీపు మీద డ్రైవరుగా పెట్టిస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ ఉద్యోగం చూసే వాడికి ఒకళ్ళు పిల్లనిస్తామన్నారు.

ఇంకా ఒకటి, రాయకూడదనుకున్నాను. మీ వీధి లక్ష్మణ మొన్న ఇటు వచ్చి చెప్పాడు. మన తెలుగు వీధిలో జరిగిన మీటింగ్‌లో మీ మోహన్ ఏమన్నాడో నీకు తెలుసా? దేబాశిష్ బాబు భార్య కొండవాళ్ళ ఆడపడుచు. "సారా కాసుకునే కొండోళ్ళ ఇంటికాడ నుంచి పెళ్ళాన్ని తెచ్చుకున్నోడు మనకి శుభ్రం నేర్పుతాడా" అన్నాడట. తెలుగులో అన్నాడు కాబట్టి వాళ్ళదాకా పోలేదు. మరి అది రాజకీయమా, పుట్టుకని తిట్టడమా? నీ కొడుకు అంటే ఒకటి, ఆయన అంటే ఇంకొకటా?

మోహన్ అన్న ఈ మాట రాత్రి భోజనాల దగ్గర కూడా ఇంట్లో అన్నాను. బాబి తల వంచుకుని తిని లేచిపోయాడు. కుర్రాడు రెండు వైపులా నలిగిపోతున్నాడు.

కోపగించుకోకు.

కన్నారావు


రాయగడ,
మార్చి 30.

తమ్ముడికి.

ఓడిపోయాను. నువ్వు వినే ఉంటావు. ఓడిపోయినందుకు ఏడుపు రాలేదు. మన వీధి అంతా వేసింది, ఆ అవతలి వీధుల్లో టీ ఇచ్చినావిడ కూడా వేసిందనే నా నమ్మకం. మిగిలినవాళ్ళు వెయ్యలేదు. ఇదివరకు బజార్లో పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఇప్పుడు నా సంచీలోకి చూసి పోతున్నారు.

నువ్వు రాసింది చదివి మోహన్ని అడిగాను. "అది రాజకీయం అమ్మా, కులం కాదు" అన్నాడు. నీ మాటే. నీ గొంతే. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది! ఇద్దరు పిల్లల తండ్రి అని కూడా చూడకుండా చెంపమీద కొట్టాను. ఆ మర్నాడే దేబాశిష్ భార్య దగ్గరికి వెళ్ళి, మావాడు తప్పు మాట్లాడాడమ్మా అని చెప్పి వద్దామనుకున్నాను. "అమ్మా, ఆళ్ళకి తెలీని మాట నువ్వెల్లి సెప్తావేటి? ఓట్లయ్యేక సెప్పుదువుగాని" అని వాడు అడ్డం పడ్డాడు. నేను ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

వాడు అన్నది కూడా అలాంటి మాటే. నేను కాదనను. కానీ దానివల్ల దేబాశిష్ అన్నది మంచి మాట అయిపోదు కదరా. నువ్వు కుంటి గుర్రం సంగతి చెప్పావు. ఆ ముసలాయన మర్నాడు ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఆయన్ని ముట్టుకుంటే కడుక్కోవాలని ఎవరూ అనుకోలేదు. దొంగ అంటే, నేను దొంగని కాను అని చెప్పుకోవచ్చు. పాయిఖానా కడిగినవాళ్ళ పిల్ల అంటే రష్మి ఏం చెప్పుకోవాలి? కాదని చెప్పాలా? మన అమ్మని కాదనాలా?

రష్మి ఇప్పుడు వంట చేశాక నాకు వడ్డించదు. గిన్నెలు నా ముందు పెట్టి, "నువ్వే ఎట్టుకో అత్తా" అంటుంది. సొంత ఇంట్లో కూడా చెయ్యి ముందుకు చాపడం మానేసింది. పసివాడికి తల దువ్వబోయి ఆగిపోవడం కళ్ళారా చూశాను. దీనికి నేను ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు తమ్ముడూ.

స్టేషన్ దొర వీడియో తిప్పి నిన్ను చూపించాడు. "నీ సొంత తమ్ముడే నవ్వుతున్నాడు. కులం మీద తిట్టు అయితే నవ్వుతాడా?" అన్నాడు. మోహన్ తల దించుకున్నాడు. నేను, "ఆడొచ్చి సెప్తాడు బాబూ, నవ్వినోడే సెప్తాడు" అన్నాను.

అడగడం ఇదే ఆఖరు. వస్తే స్టేషన్‌కే రా. మా ఇంటికి చుట్టపుచూపుగా మాత్రం రావద్దు, రష్మి ఎదట నీకు భోజనం పెట్టలేను.

కుంతి


కొరాపుట్,
ఏప్రిల్ 11.

అప్పా,

వస్తున్నాను. సోమవారం సెలవు అడిగాను, ఇచ్చారు. పొద్దున్న బస్సుకి బయల్దేరి నేరుగా స్టేషన్‌కే వస్తాను. నువ్వు చెప్పినట్టు ఇంటికి రాను. అయ్యాక నువ్వు పిలిస్తే వస్తాను.

నీ ఉత్తరం చదివి కూడా వారం రోజులు కదల్లేదు. ఎందుకు కదిలానో చెప్తాను. నిన్న దేబాశిష్ బాబువాళ్ళు ఇక్కడ గెలుపు విందు పెట్టారు. బాబి వడ్డనలో సాయం చెయ్యబోతే ఎవడో అన్నాడట: "ఏరా తెలెంగా, గంగాజలంతో చేతులు కడుక్కున్నావా?" పంక్తి అంతా నవ్వారట. గరిటె వాడి చేతిలోంచి తీసుకుని, పోయి జీపు దగ్గర ఉండమన్నారట. బాబి ఇంటికొచ్చి ఇదంతా ఒక తమాషాలాగ చెప్పాడు. "నీకేటనిపించిందిరా?" అని అడిగితే, "ఏటుంది నాన్నా, నానూ నవ్వేను" అన్నాడు. అంటూ మళ్ళీ నవ్వాడు.

ఆ నవ్వు నేను వీడియోలో చూసిన నవ్వే అప్పా. పళ్ళు కనిపిస్తాయి, కళ్ళు మాత్రం ఎవరైనా చూస్తున్నారేమో అని తిరుగుతుంటాయి. నాకు ఏడుపొచ్చింది. వాడిముందు ఏడవలేక ట్రాక్టరు చూసొస్తానని బయటికి పోయాను.

అడిగితే చెప్తాను. విన్నాను, అర్థమైంది, మమ్మల్నే అన్నాడు, భయపడి నవ్వాను అని చెప్తాను. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు, అందుకే రాస్తున్నాను. రష్మికి ముందే చెప్పు. కాస్త తేలికపడుతుందేమో.

నీ తమ్ముడు
కన్నారావు


రాయగడ,
ఏప్రిల్ 12.

కన్నారావుకి.

ఇక నువ్వు రానక్కర్లేదు.

మోహన్ అన్న మాట మీద దేబాశిష్ వాళ్ళు ఫిర్యాదు పెట్టారు. కొండజాతి ఆడమనిషిని తిట్టాడని. వాళ్ళకి సాక్షి కోసం వెతుక్కునే పని పడలేదు, ఆ రోజు ఆ వీధిలో ఉన్న తెలుగువాళ్ళే ఇద్దరు వెళ్ళి చెప్పారు. తెలుగులో అన్న మాట, మన వీధిలో అన్న మాట వాళ్ళదాకా ఎవరు మోశారు? నాకు ఉత్తరంలో రాసింది నువ్వు ఒక్కడివే. బాబికి ఉద్యోగం వచ్చిందటగా. సంతోషం.

దొర రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టాడు. "కేసు రాస్తే రెండూ రాస్తాను. మోహన్ని ఇప్పుడే లోపలికి తీసుకెళ్తాను. లేదంటే రెండూ రాజకీయ మాటలే అని రాసుకుని పొండి" అన్నాడు. దేబాశిష్ రానే లేదు, మనిషిని పంపాడు. ఆవిడ మాత్రం వచ్చింది, దేబాశిష్ భార్య. మూల కుర్చీలో కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. రష్మిని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

కాగితం ఒడియాలో రాశారు. ఎన్నికల వేడిలో రాజకీయంగా అనుకున్న మాటలు, ఎవరూ ఎవరి జాతినీ కించపరచలేదు, ఎవరికీ బాధ కలగలేదు, అని. మోహన్ సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. నా కొడుకురా. ఏం చెయ్యమంటావు?

బయటికి రాగానే రష్మి నా వెనకనుంచి, "అత్తా, నాకు బాద కలగలేదా?" అంది. మర్నాడు పసివాళ్ళిద్దర్నీ తీసుకుని గుణుపూర్, వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళిపోయింది.

నాకు ఉత్తరాలు రాయకు.

కుంతి


కొరాపుట్,
ఏప్రిల్ 20.

అప్పా, వద్దన్నా రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకు మంగళవారం అందింది. సోమవారమే నేను రాయగడ వచ్చాను. స్టేషన్‌కి వెళ్ళి, కుంతి తమ్ముణ్ణి, సాక్ష్యం చెప్తాను అన్నాను. దొర నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "నవ్వినవాడివి నువ్వే కదా? అది అయిపోయింది. మీ అక్క సంతకం పెట్టింది" అన్నాడు. అయినా చెప్తాను, రాసుకో బాబూ అన్నాను. రాసుకోడానికి కేసు లేదన్నాడు. నిలబడి మొత్తం చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ విన్నాడు. పక్కన టీ ఇస్తున్నవాడు మాత్రం ఆగి విన్నాడు.

మీ వీధి మొదట్లో చాలాసేపు నిలబడ్డాను. రావద్దన్నావని రాలేదు. బస్సెక్కి వచ్చేశాను.

మోహన్ మాట మోసింది నేను కాదు. కానీ నా ఇంటినుంచే పోయింది. నీతో వాదనలో గెలవాలని అన్నాను, భోజనాల దగ్గరా అన్నాను. బాబి విన్నాడు. వాళ్ళ మనుషులు, "మీ అత్త మా బాబుని జైల్లో పెట్టిస్తుందటగా" అని గుచ్చితే, "మా బావ అన్నదానికి లెక్క లేదేటి?" అని వీడు నోరు జారాడు. కేసు ఆగిపోతే అత్తకీ మంచిదే అనుకున్నాడట. ఉద్యోగం దానికోసం ఇవ్వలేదు. ఇవ్వనే లేదు. వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నారు. వాడు రోజంతా మంచం దిగడం లేదు.

నన్ను తిట్టు. పడతాను. నువ్వు కాగితం మీద సంతకం పెట్టినందుకు మాత్రం నిన్ను నువ్వు తిట్టుకోకు. కొడుకు కోసం ఏ తల్లయినా పెడుతుంది.

కన్నారావు


రాయగడ,
మే 2.

తమ్ముడు కన్నారావుకి కుంతి దీవెనలు. ఈసారి కావాలనే రాశాను.

బాబి మోశాడనే నేనూ అనుకున్నాను. నీమీద రాస్తే తేలిగ్గా ఉండి రాశాను. వాణ్ణి ఏమీ అనకు. మంచం మీదనుంచి లేపి అన్నం పెట్టు.

నువ్వు స్టేషన్‌లో నిలబడి చెప్పావని మోహన్ కూడా విన్నాడు. టీ ఇచ్చేవాడు చెప్పాడట. రెండు రోజుల తర్వాత వాడు తనంతట తనే దేబాశిష్ ఇంటికి వెళ్ళాడు, ఆవిణ్ణి క్షమాపణ అడగడానికి. ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి, "నన్ను ఎవరూ ఏమీ అనలేదని మీరే రాసిచ్చారు కదా, ఇంక దేనికి క్షమించాలి?" అని లోపలికి వెళ్ళిపోయిందట. కోపంగా కూడా అనలేదట. వాడు వచ్చి ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను గుణుపూర్ వెళ్ళాను. రష్మి మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండా బల్లమీద పెట్టింది. ఇంటికి రమ్మని అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. పిల్లలు నా ఒళ్ళో కూర్చున్నారు. తిరిగి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "అత్తా, నాకొక్క మాట సెప్పు. నన్ను ఆడు ఏటీ అన్లేదా? నానే ఎక్కువ అనుకున్నానా?" అంది. అన్నాడమ్మి, నిన్నే అన్నాడు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అనలేదని సంతకం పెట్టినదాన్ని, ఏ నోటితో చెప్పను? చెప్పినా నమ్మదు. బస్సు వచ్చేసింది, ఎక్కేశాను.

నువ్వు స్టేషన్‌లో చెప్పిన మాట అక్కడ ఇక పనికిరాదు. గుణుపూర్‌లో పనికొస్తుంది. ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్ళు. వెళ్ళి ఆ పిల్లకి ఎదురుగా చెప్పు, విన్నానమ్మా, నిన్నే అన్నాడు, నేను భయపడి నవ్వాను అని. తిడితే పడు. తలుపు వేసేస్తే బయటినుంచి చెప్పు. మోహన్ చెప్పలేడు, నేను చెప్పలేను. మన ఇంట్లో ఆ మాట విని, ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా మిగిలింది నువ్వు ఒక్కడివే.

కుంతి